బావగారి జబ్బ మీద బిళ్ళ

మా బావ వండిన పెళ్ళిభోజనం తిననివాడు ఆకివీడుకీ కైకలూరుకీ మధ్య ఎవడన్నా ఉన్నాడంటే, వాడికి పళ్ళన్నా ఉండి ఉండవు, చుట్టాలన్నా ఉండి ఉండరు. అయితే ఆ భోజనాన్ని వడ్డనకి ముందు రుచి చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. మా బావతో సహా.

అది ఆయన నియమం. పొయ్యి ముట్టించాక, మొదటి బంతి కూర్చుని, విస్తట్లో అన్నం పడి, వచ్చినవాళ్ళు తొలిముద్ద నోట్లో పెట్టుకునేదాకా వంటవాడి నోట్లో మెతుకు పడకూడదు. ఆయనకి పని నేర్పిన పెద్దాయన పెట్టిన కట్టుబాటట. పెద్దాయన పోయాడు, కట్టుబాటు ఈయనకి ఉండిపోయింది. నైవేద్యం కాకుండా ఎంగిలి చెయ్యకూడదని కాబోలు అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. కానీ క్రైస్తవుల ఇంటి పెళ్ళికి వెళ్ళినా అంతే. పాస్టరుగారు ప్రార్థన ముగించి అందరూ ఆమెన్ అనేదాకా బిర్యానీ మూత తీసి వాసన చూడటమే గాని వేలు ముంచడు. రుచి చూడకుండా ఉప్పు ఎలా తెలుస్తుందండీ అని పెళ్ళివాళ్ళు అడిగేవారు. "వేసింది నేనే కదండీ" అనేవాడు. అంతకుమించి ఆయన నోట మాట రావడం నేను పెద్దగా చూడలేదు. మాట్లాడే పని నాకు వదిలేశాడు.

నేను ఆయన బావమరిదిని. మా అక్క పెళ్ళయిన ఏడాదే బడి మానేశాను, ఏడో తరగతిలో. నాకు లెక్కలు రావని మాస్టారికీ, మాస్టారికి హాస్యం తెలీదని నాకూ ఒకేసారి తెలిసొచ్చింది. అప్పట్నుంచీ బావ వెనకాలే. కట్టెలు చీల్చడం, గుండిగలు ఎత్తడం దించడం, సామాన్ల వ్యాను తోలడం, వంకాయలు తరగడం, మధ్యలో అందర్నీ నవ్వించడం. ఇది కూడా పనే. వేసవి పెళ్ళిలో గాడిపొయ్యి దగ్గర నవ్వించేవాడు లేకపోతే సగంమంది పప్పు ఉడక్కముందే బస్సెక్కేస్తారు. గాడిపొయ్యి అంటే తెలియనివాళ్ళకి: నేలలో బారుగా గాడి తవ్వి, దాంట్లో సరుగుడు కట్టెలు పేర్చి, పైన వరసగా గుండిగలు ఎక్కిస్తాం. ఇప్పుడు గ్యాసు పొయ్యిలు వచ్చాయి, మేమూ తీసుకెళ్తాం. కానీ బూరెల మూకుడూ, చేపల పులుసూ మాత్రం బావ గాడిపొయ్యి మీదే పెడతాడు. దాని పక్కన నిలబడితే మనిషి కూడా ఒక వంటకమే. కాసేపటికి ఒకవైపు వేగుతాడు.

ఇదంతా గొప్పకి చెప్పడం లేదు. కోపంతో రాస్తున్నాను. నాకు కోపం వచ్చిందంటే మా ఇంట్లో ముందు నవ్వుతారు, ఇప్పుడేం జోకు వేస్తాడో అని చూస్తారు. చూడండి. రాయడం మొదలుపెట్టాక మధ్యలో ఎవరూ ఆపలేరు, అదొక్కటే సుఖం.

బావకి షుగరొచ్చి చాలా కాలమైంది. వంటవాడికి షుగరేమిటి అని నవ్వినవాళ్ళలో మొదటివాణ్ణి నేనే. ఆ తర్వాత ఒకసారి పొయ్యి దగ్గర నిప్పుకణిక కాలిమీద పడింది. పడిందని ఆయనకి తెలీలేదు, అరికాలికి స్పర్శ పోయి ఉంది. మాకు తెలిసేసరికి పుండు ముదిరిపోయింది. ఏలూరులో చిటికెనవేలు తీసేశారు. ఆయన ఒక్కగానొక్క కూతురు అక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. రోజూ తండ్రి కాలికి కట్టు తనే కట్టింది. ఆ పిల్ల భయం నాకు తెలుసు. తండ్రి పాదం ఒళ్ళో పెట్టుకుని, లేని వేలు ఉన్నచోట చూస్తూ కూర్చుంది ఓసారి, నేను గుమ్మంలో నిలబడి చూసి వెనక్కి వచ్చేశాను. ఇది ముందే చెప్తున్నాను, తర్వాత దాని మీద నేను అనబోయేవి ఉన్నాయి గనక.

పుండు మానాక ఆ పిల్లే ఈ బిళ్ళ సంగతి తెచ్చింది. వాళ్ళ ఆసుపత్రికి వచ్చే కంపెనీ కుర్రాడు మెడకి టై కట్టుకుని మాకు వివరంగా చెప్పాడు. చూడ్డానికి పది రూపాయల నాణెం అంత. జబ్బ వెనక అంటిస్తారు. దాని అడుగున వెంట్రుకంత సన్నటి తీగ ఒకటి చర్మంలోకి దిగి ఉంటుంది. ఆ తీగ మొన మీద కంటికి కనపడని పూత. ఒంట్లో నీటిలో ఉన్న చక్కెర ఆ పూతకి తగిలితే, చీమ కూడా ఉలిక్కిపడనంత కరెంటు పుడుతుందట. ఆ కరెంటుని కొలిచి, అంకెగా మార్చి, ఫోనుకి పంపిస్తుంది. పక్కనే ఒక బాణం గుర్తు. చక్కెర ఎక్కుతుంటే పైకి, దిగుతుంటే కిందికి. నానో టెక్నాలజీ అండీ అన్నాడు. నిజం చెప్పొద్దూ, నేను నోరు తెరిచి విన్నాను. వెంట్రుక మొన మీద ఫ్యాక్టరీ పెట్టినవాడికి దణ్ణం పెట్టాలనిపించింది.

"ఒంట్లో ఏం జరుగుతోందో మీ బావగారి కంటే ముందు దీనికే తెలిసిపోతుందండీ" అన్నాడు.

"మా అక్కకీ ఎప్పట్నుంచో తెలిసిపోతోందండీ. కాకపోతే ఆవిడ ఊరందరి ఫోన్లకీ పంపదు" అన్నాను.

అందరూ నవ్వారు. నవ్వులోనే బిళ్ళ అంటించేశారు, ఎడమ జబ్బకి. కుడిచెయ్యి గరిటె తిప్పే చెయ్యి కదా, అడ్డం వస్తుందని. అంకెలు బావ ఫోనుకీ, అక్కణ్ణుంచి కూతురి ఫోనుకీ వెళ్ళేలా పెట్టారు. ఇక రోజూ వేలు గుచ్చుకుని రక్తం చూసుకునే పని లేదన్నారు గనక, తాడేపల్లిగూడెంలో మా ఇంటికి రాగానే అక్క పాత మిషను ఎదురింటావిడకి ఇచ్చేసింది. ఇన్ని చెప్పిన ఆ కుర్రాడు ఒక్కటి అడగలేదు. ఈయన ఏం పని చేస్తారండీ అని. అడగాల్సిన పని లేనిది కూతురు. దానికి తెలుసు. గాడిపొయ్యి పక్కన గోనెపట్టా మీద పడుకుని పెరిగిన పిల్ల.

బిళ్ళ పెట్టాక మొదటి పెళ్ళి ఆకివీడు దగ్గర, చేపల చెరువుల ఆసామి ఇంట్లో. బావ చొక్కా తీసి పందిరి గుంజకి తగిలించాడు, ఫోను దాని జేబులో. బనీనుతో పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. ఎడమ భుజం నిప్పుకి, కుడిచెయ్యి గరిటెకి. ఎప్పుడూ అలాగే నిలబడతాడు. బూరెలు రెండో వాయ వేస్తుండగా జేబులో ఫోను కూత మొదలెట్టింది. తర్వాత మోగింది. కూతురు. చేతులకి పిండి ఉందని నేనే తీసి ఆయన చెవి దగ్గర పెట్టాను, మాట నాకూ వినపడుతోంది.

"ఏం తిన్నారు నాన్నా?"

"ఏమీ తినలేదమ్మా."

"మూడొందల దగ్గరుంది. బాణం పైకి చూపిస్తోంది. పూర్ణం నోట్లో వేసుకున్నారా?"

"నేను వేసుకోను కదమ్మా" అన్నాడు బావ. ఆ "కదమ్మా"లో కాస్త ఆశ్చర్యం ఉంది. తెలిసినదాన్ని అడుగుతావేం అని. ఆ పిల్ల నన్ను పిలిచింది. మావయ్యా, నువ్వన్నా నిజం చెప్పు అంది. నేను అలవాటు చొప్పున, మీ నాన్న పొద్దుట్నుంచీ పొగ తప్ప ఏమీ మింగలేదే, పొగలో చక్కెర ఉంటే చెప్పు, రేపట్నుంచి కాఫీలో అదే వేసుకుంటాం అన్నాను. నీతో ఎప్పుడూ ఇంతే అని పెట్టేసింది. నేను చెప్పింది అక్షరాలా నిజం. నలభై ఏళ్ళు వెటకారం అమ్ముకున్నవాడి దగ్గర నిజం కొనేవాడు ఉండడని ఆరోజు తెలిసింది.

తర్వాతి పెళ్ళిలోనూ అంతే. ఆ తర్వాత చర్చి పండగ భోజనాల్లోనూ అంతే. ఇంట్లో ఉన్నరోజు ఫోనులో చక్కెర గీత కొల్లేరు నీళ్ళలా బల్లపరుపుగా ఉంటుంది, వంటకి వెళ్ళినరోజు తాడిచెట్టులా లేస్తుంది. మేనకోడలు ఆ గీతలన్నీ ఫోనులో పక్కపక్కన పెట్టి వాళ్ళమ్మకి చూపించింది. అక్క చూసింది. ఆ తర్వాత బావ వంట నుంచి వచ్చి చొక్కా విప్పితే ఆవిడ దాన్ని తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకోవడం నా కళ్ళారా చూశాను. బెల్లం వాసన కోసం. బూరెలు వండినవాడి చొక్కా బెల్లం వాసన రాక, మరి అత్తరు వాసన వస్తుందా? అదే అడిగాను. నువ్వూరుకో అంది.

అక్కడితో అయిందా, లేదు. ఆసుపత్రిలో డాక్టరుగారికీ చూపించారు. మంచాయన. గీతలు చూసి నవ్వి, వంటవాళ్ళు రుచి చూడకుండా ఎలా వండుతారండీ, సహజమే, కాస్త తగ్గించుకోండి అన్నాడు.

"నేను రుచి చూడనండి" అన్నాడు బావ.

"సరేలెండి" అన్నాడు డాక్టరుగారు.

మా గోదావరి వాళ్ళం ఒకణ్ణి అబద్ధాలకోరు అనాలంటే గట్టిగా అరవం. సరేలెండి అంటాం. చిన్నగా నవ్వి, తల ఊపి, అండీ తగిలించి మరీ అంటాం. తిడితే తిరిగి తిట్టొచ్చు. సరేలెండికి జవాబేముంది? బావ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పక్కన కూతురు, తండ్రికి బదులు తనే సిగ్గుపడుతున్నట్టు నేల చూస్తోంది. నాకు ఆ గదిలో ఉన్న బల్ల ఎత్తి ఎక్కడన్నా వెయ్యాలనిపించింది. నేనూ నవ్వాను. నవ్వడం తప్ప ఇంకేం చెయ్యాలో నేర్చుకోలేదు. డాక్టరుగారు ఇన్సులిను పెంచి రాశారు.

ఆ మాట పొయ్యి దగ్గరికి కూడా చేరింది. ఎలా చేరిందో అడక్కండి, మా పనివాళ్ళలో ఏ మాటా నీళ్ళలో పడి మునగదు. పిండి కలిపే అతను, ఏవండీ, మూకుడు కాడ బూరెలు తగ్గినట్టున్నాయండీ అని, కళ్ళతో బావని చూపించి, మిగతావాళ్ళని నవ్వించాడు. నా దగ్గర నేర్చుకున్న వెటకారమే. బావ విన్నాడు. గరిటె ఆగలేదు, తల తిప్పలేదు. కానీ ఆరోజు నుంచీ ఆయన మూకుడు దగ్గర ఎవరో ఒకర్ని పక్కన ఉంచుకోవడం మొదలుపెట్టాడు. ఒంటరిగా నిలబడటం మానేశాడు.

అసలు సంగతి కైకలూరు దగ్గర పెళ్ళిలో జరిగింది. మంచి ఎండాకాలం. బావ పొద్దున్నే పెంచిన మోతాదు ఇంజెక్షను వేసుకుని, పొయ్యి ముట్టించకముందే ఇడ్లీలు తిని పనిలోకి వచ్చాడు. మధ్యాహ్నానికి మొదటి బంతి వెయ్యాలి. మగపెళ్ళివారి బస్సు చేపల లారీల వెనక ఎక్కడో ఇరుక్కుంది. బస్సు రాదు, బంతి కూర్చోదు, బంతి లేకపోతే బావ తినడు. ఎండ పైనుంచి, నిప్పు పక్కనుంచి. అందరికీ చెమటలు కారుతున్నాయి, ఆయనకి కారితే ఎవడు చూస్తాడు?

కాసేపటికి నన్ను పిలిచి, "ఇది ఎవరింటి పెళ్ళిరా?" అన్నాడు.

నేను నవ్వాను. మొత్తానికి నా మీదే జోకు వేశాడు అనుకుని, మనదేనండీ బావగారూ, మీకే రెండో సంబంధం అన్నాను. ఆయన నవ్వలేదు. నా మొహంలోకి చూస్తున్నాడు గాని నన్ను చూడటం లేదు. చేతిలో చిల్లుల గరిటె వణుకుతోంది. అది జారి మూకుట్లో పడింది, నూనె ఎగిరింది. ఆయన వెనక్కి రెండడుగులు వేసి కట్టెల మోపు మీద కూలబడ్డాడు. ఇంకో రెండడుగులు ముందుకి పడి ఉంటే ఎక్కడ కూలబడేవాడో నేను రాయను.

గుంజకి తగిలించిన చొక్కా కూస్తోంది. ఫోను తీశాను. అంకె ఎక్కువే ఉంది, బాణం పైకే ఉంది. అప్పుడే కూతురు ఫోను. నీళ్ళు తాగించు మావయ్యా, తీపి మాత్రం ఏదీ పెట్టొద్దు, ఇప్పటికే ఎక్కువైంది, నేను బయల్దేరుతున్నాను అంది. చేతిలో ఫోను ఒకటి చెప్తోంది, ఎదురుగా మనిషి ఇంకోటి చెప్తున్నాడు. బావ ఒళ్ళు ముట్టుకుంటే నిప్పు పక్కన కూర్చున్నవాడి ఒంట్లో చల్లటి చెమట.

పెళ్ళికూతురి నాయనమ్మ అరుగు మీద నుంచి ఇదంతా చూస్తోంది. ఆవిడకీ షుగరే, ఈరోజుల్లో అది లేని పెళ్ళిపెద్దలున్నారా? చేతిసంచీలోంచి వేలు గుచ్చే మిషను తీసుకుని తనే లేచి వచ్చింది. బావ వేలు పట్టుకుని గుచ్చి, చుక్క పట్టి చూసింది.

"ఎక్కువేంటయ్యా, అడుగంటిపోయింది. పంచదార పట్రా" అంది.

పంచదార బస్తా పక్కనే ఉంది. దోసిట్లో తీసుకుని వచ్చి ఆయన నోటి దగ్గర పెట్టాను. పళ్ళు బిగించాడు. బెల్లం ముక్క పెట్టాను. తల తిప్పేసుకున్నాడు. ఎవరి పెళ్ళో తెలియని మనిషికి అది మాత్రం తెలుసు.

"బంతి కూర్చోలేదురా" అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

మనిషి పోయేలా ఉన్నాడు, ఆయనకి బంతి కావాలి. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. వాదిస్తే వినే స్థితి కాదు, బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని నాయనమ్మ అంటోంది. అప్పుడు పరిగెత్తాను. రోడ్డు మీద కిళ్ళీకొట్టు ఉంది. కూల్‌డ్రింకు సీసా లాక్కుని మూత పళ్ళతో పీకి వెనక్కి వచ్చాను. ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆయనకి వినపడేలా ఒక్కో మాటా విడిగా చెప్పాను.

"బావగారూ. ఇది పెళ్ళివారిది కాదండీ. కిళ్ళీకొట్టుది. నా డబ్బుతో కొన్నాను. పెళ్ళికీ దీనికీ సంబంధం లేదు."

ఆయన ఆ సీసా వంక చూశాడు. ఆ స్థితిలో కూడా ఆలోచించాడండీ. అటూ ఇటూ తూచాడు. తర్వాత నోరు తెరిచాడు. సగం లోపలికి, సగం బనీను మీదకి పోయింది. ఇంకోటి తెప్పించాం. కొంచెం కొంచెంగా కళ్ళలోకి మనిషి తిరిగొచ్చాడు. రాగానే అడిగిన మొదటి మాట, "మూకుట్లో వాయ ఏమైందిరా?" మాడి బొగ్గైంది. మగపెళ్ళివారు వచ్చి, బంతి కూర్చుని, తొలిముద్దలు పడ్డాక, ఆ నాయనమ్మ తన చేత్తో ఆయనకి అన్నం పెట్టించింది.

ఆ సాయంత్రం బావని ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాక మేనకోడలు కంపెనీ కుర్రాడికి ఫోను చేసి అడిగింది. అతను ఏమాత్రం తొట్రుపడలేదు. ఎక్కువ వేడి తగిలేచోట ఆ బిళ్ళ చూపించే అంకె నమ్మకూడదండీ, డబ్బాలో ఇచ్చిన కాగితంలో ఉంది కదండీ అన్నాడు. ఎంత వేడిదాకా పనిచేస్తుందో కూడా ఉందట. ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. చక్కెరని కొలిచేదాన్ని చిన్నగా చేశారు సరే, నిజం కూడా అంత చిన్నగా చెయ్యాలా? నేను ఫోను లాక్కుని, బాబూ, మా బావ ఏం పని చేస్తాడో నువ్వు అడిగావా అన్నాను. అది మా ఫార్మాట్‌లో లేదండీ అన్నాడు. ఆ తర్వాత నేను అన్నవి ఇక్కడ రాస్తే మా అక్క ఈ పేజీ చింపేస్తుంది.

అయినా ఆ పిల్లకి తృప్తి కలగలేదు. కళ్ళతో చూడాలి. తాడేపల్లిగూడెంలో మా పెరట్లో ఒక మధ్యాహ్నం కట్టెలు పేర్చి మంట పెట్టించింది. బావని పక్కన కుర్చీ వేసి, ఎడమ జబ్బ నిప్పుకి పెట్టి కూర్చోబెట్టింది. కొత్తగా కొన్న మిషనుతో మధ్యమధ్య వేలు గుచ్చుతోంది, ఫోనులో అంకె చూస్తోంది. బావ పెళ్ళికొడుకులా కదలకుండా కూర్చున్నాడు. ఇంకాస్త తిప్పవే, రెండోవైపు కాలలేదు అన్నాను. ఎవరూ నవ్వలేదు. వేలి అంకె ఉన్నచోటే ఉంది. ఫోనులో అంకె మంటతోపాటు పైకి ఎక్కుతోంది. బాణం నిటారుగా ఆకాశం చూపిస్తోంది. ఎదురింటావిడ గోడ మీద నుంచి, ఏం వండుతున్నారండీ అని అడిగింది. మా బావనండీ అన్నాను.

మేనకోడలు ఫోను కింద పెట్టింది. "మిషను తప్పు నాన్నా" అంది.

"మిషన్ని నేనేమీ అనలేదమ్మా" అన్నాడు బావ. "నువ్వు అడిగావు. నేను చెప్పాను."

అంతే. అరవలేదు, నిష్ఠూరం ఆడలేదు. లేచి కుర్చీ తీసుకెళ్ళి వరండాలో పెట్టాడు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. పొగ కావచ్చు. కాకపోవచ్చు.

ఇప్పుడు నా కోపం సంగతి. ఆ బిళ్ళ మీద నాకు కోపం లేదు. అది ఇప్పటికీ ఆయన జబ్బ మీదే ఉంది. ఇంట్లో ఉన్నప్పుడు బాగానే పనిచేస్తుంది, ఒకటి రెండుసార్లు ముందే హెచ్చరించింది కూడా. వంటకి వెళ్ళినప్పుడు జబ్బకి తడితువ్వాలు చుడతాం, వేలు గుచ్చి చూస్తాం, ఇన్సులిను పాత మోతాదుకి దించారు. వెంట్రుక మొన మీద ఉన్న పూత తనకి తెలిసింది చెప్పింది. దానికి వంట అంటే తెలీదు, నిప్పంటే తెలీదు. తెలిసినవాళ్ళం మనం. నా కోపం మన మీద. జీవితమంతా ఒక్కసారీ మాట తప్పని మనిషి ఒకవైపు, నిన్నగాక మొన్న అంటించిన నాణెం ఒకవైపు ఉంటే, ఒక్కళ్ళం కూడా ఆగలేదు. నాణెం వైపు ఉరికాం. పెళ్ళాం చొక్కా వాసన చూసింది. కూతురు నేల చూసింది. డాక్టరుగారు సరేలెండి అన్నారు. పిండి కలిపేవాడు బూరెలు లెక్కపెట్టాడు. మిషను తప్పని తేలాక ఎవరైనా ఆయన దగ్గరికి వెళ్ళి, తప్పు మాదండీ అన్నారా? లేదు. పోన్లెండి, ప్రమాదం తప్పింది అన్నారు. అదొక సరేలెండి.

ఆయన నియమమే ప్రాణం మీదికి తెచ్చింది కదా అన్నారు కొందరు. తెచ్చింది, నిజమే. అందుకని ఇప్పుడు పెళ్ళిళ్ళకి ఇంటి నుంచే మరమరాలూ అరటిపండూ మూటగట్టి పంపుతోంది అక్క. బయటివి గనక తింటాడు. కిళ్ళీకొట్టు దగ్గర పుట్టిన న్యాయం అది. దాని మీద నాకు పేటెంటు ఇవ్వాలి.

మొన్న ఏలూరు పక్కన ఒక క్రైస్తవుల ఇంటి పెళ్ళికి మేనకోడలు సెలవు పెట్టి మాతో వచ్చింది. సాయం చేస్తానంది. బావ వద్దనలేదు. బూరెల మూకుడు దగ్గరే నిలబడి తండ్రి జబ్బ మీద తువ్వాలు ఆరిపోకుండా చూస్తోంది. ఎంత చూసినా ఆ నిప్పు ముందు తువ్వాలు ఎంతసేపు తడిగా ఉంటుంది? పక్కకి వెళ్ళి బక్కెట్టు తెచ్చేలోపు ఆరిపోయింది. దాని చేతిలో ఫోను కూసింది.

ఆ పిల్ల అలవాటుగా ఫోను చూసింది. చూసి, అలవాటుగానే, తలెత్తి తండ్రి వంక చూసింది. అర నిమిషం కూడా కాదు. అందులో అనుమానం ఉందని నేను అనను. మిషను సంగతి తెలిసి కూడా అలా చూస్తుందని నేను అనుకోను. కానీ చూసింది.

బావ చిల్లుల గరిటె మూకుడు అంచుకి ఆనించాడు. కూతురి వైపు తిరిగాడు. కాస్త వంగి, దాని మొహానికి ఎదురుగా, నోరు తెరిచి చూపించాడు. నాలుక కూడా పైకెత్తి చూపించాడు, మాత్ర మింగాడో లేదో నర్సు చూడటానికి రోగి చూపించినట్టు.

పనివాళ్ళంతా గొల్లుమన్నారు. పిండి కలిపే అతను, అమ్మో, గురువుగారికి కూడా బావమరిది గాలి సోకిందండోయ్ అన్నాడు. ఆ గుంపులో నవ్వనివాళ్ళం ఇద్దరమే. నేనూ, ఆ పిల్లా. ఏది వెటకారమో ఏది కాదో చెప్పడం నా జీవితంలో నాకొచ్చిన ఏకైక విద్య. ఆయన మొహం చూశాను. నాకు తెలీలేదు.

మేనకోడలు ఫోను నోరు నొక్కేసి పక్కన ఉల్లిపాయల గోనె మీద పడేసింది. తువ్వాలు బక్కెట్లో ముంచి, పిండకుండానే తెచ్చి తండ్రి జబ్బకి చుట్టింది. నీళ్ళు ఆయన మోచేతి మీదుగా కారి నిప్పుల్లో పడి చుయ్యిమన్నాయి. ఆయన అప్పటికే అటు తిరిగి బూరెలు తిరగేస్తున్నాడు. పందిట్లో పాస్టరుగారు ఇంకా ప్రార్థన మొదలుపెట్టలేదు.